నేలపట్టులో ఒక ఉదయం

గూడూరు నుంచి చెన్నై వెళ్ళే రైలుమార్గంలో, నాయుడుపేటకూ సూళ్ళూరుపేటకూ నడుమ దొరవారిసత్రం అనే చిన్న స్టేషను ఉంది. పెద్ద బండ్లలో పోయేవారికి ఆ పేరు చదువుకునే వ్యవధి కూడా ఉండదు. దానికి దగ్గరలోనే నేలపట్టు అనే పల్లె, పల్లె పక్కన ఒక చెరువు. తిరుపతి జిల్లాలోని ఈ చెరువునూ, చుట్టూ ఉన్న చిట్టడవినీ కలిపి 1976లో పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు. అక్టోబరు వానలతో చెరువు నిండితే చాలు, గూడబాతులు పిల్లల్ని పెంచుకోవడానికి ఇక్కడికి వస్తాయి. మార్చి దాకా వాటి సందడి ఉంటుంది.

కాలువలోంచి పొలానికి నీరు తోడే గూడను చూసినవారికి ఈ పక్షి ముక్కు చూడగానే దాని పేరు దానంతట అదే నోటికి వస్తుంది. కింది ముక్కుకు తోలుసంచీ వేలాడుతూ ఉంటుంది. దానిని నీటిలో ముంచి చేపను పట్టి, నీరు వదిలేసి మింగుతుంది. కాపురం నేలపట్టులోనే గాని, చేపల కోసం పులికాట్ సరస్సు దాకా పోతుంది. ఉప్పునీరూ మంచినీరూ కలిసే సరస్సులలో, చిల్కా తర్వాత మన దేశంలో అదే పెద్దది.

మా ఇంట్లో మూడు అలవాట్లున్నాయి. రాత్రి భోజనాలయ్యాక అందరం కాసేపు చదువుకోవడం. ఆదివారం పొద్దున్నే ఊరుదాటి నడవడం. సాయంకాలం దేవుడి దగ్గర దీపం పెట్టడం. మొదటి రెండూ నేను పెట్టినవి, మూడోది మా అమ్మది. నిరుడు వేసవిలో అమ్మ పోయింది. పోయేముందు మూడు నెలలు మంచాన పడి చాలా బాధపడింది. అప్పటినుంచీ, పదో తరగతి చదివే మా అమ్మాయి దేవుడి గదిలోకి రావడం మానేసింది.

"నాయనమ్మ ఒక్కరోజు కూడా దీపం మానలేదు గదా నాన్నా! మరి ఆవిడకు అంత బాధ ఎందుకొచ్చింది?" అని అడిగింది.

కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి గనుక, భాగవతంలోంచి పది సమాధానాలు చెప్పగలను. కాని ఏ ఒక్కటీ ఆ పిల్ల ముఖంలోకి చూస్తూ చెప్పదగినదిగా తోచలేదు. మా ఆవిడ కూడా బలవంతం వద్దన్నది. ముగ్గురం జనవరిలో సెలవు చూసుకుని నేలపట్టు బయలుదేరాం. సంచిలో ఇడ్లీ పొట్లాలూ, ఒక దుర్భిణీ, సలీం ఆలీ పక్షుల పుస్తకమూ ఉన్నాయి.

దారిలో ఇంకా మసక వెలుతురుగానే ఉంది. ఒక కాలువ గట్టున పెంపుడు బాతుల మంద తలలు రెక్కల్లో దూర్చుకుని నిద్రపోతోంది. అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుని, "నాన్నా, పిండిపెట్టిన పంచెలు!" అంది. 'ఆముక్తమాల్యద'లో విల్లిపుత్తూరు వర్ణన చదివినవారికి ఆ మాట అర్థమవుతుంది. అలా నిద్రపోతున్న బాతులను చూసి, తెల్లవారుజామున స్నానం చేసిన బ్రాహ్మలు మరిచిపోయిన పంచెలనుకుని, తలారులు వాటిని ఇళ్ళకు చేర్చడానికి నీళ్ళలోకి దిగుతారు. బాతులు లేచి పారిపోతాయి. వరిచేలు కాసే ఆడవాళ్ళు నవ్వుతారు. చక్రవర్తి అయినా రాయలు ఒకనాడు పొద్దున్నే లేచి కాలువ గట్టున నిలబడి ఉంటాడని మాకు అప్పుడు నమ్మకం కుదిరింది.

చెరువుకట్ట ఎక్కేసరికి తెల్లవారింది. కడప అనగానే ఊరు అనుకోకండి. నీటిలో నిలబడి కూడా హాయిగా బతికే చెట్టు పేరది. ఆ కడప చెట్ల కొమ్మలనిండా గూళ్ళే. గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు ఒకే చెట్టుమీద ఇరుగుపొరుగులు. పెద్ద గూడబాతులు నోరెత్తవు, గోలంతా పిల్లలదే. ఒక పిల్ల తల్లి ముక్కుసంచిలోకి తల మొత్తం దూర్చి తింటూంటే, తల్లి కదలకుండా నిలబడింది.

అక్కడ కూర్చుని కె.కె. నీలకంఠన్ గారి సంగతి చెప్పాను. ఆయన ఇంగ్లీషు అధ్యాపకుడు. మలయాళంలో పక్షులమీద పేరుపొందిన పుస్తకం రాశారు. దక్షిణదేశంలో గూడబాతుల గూళ్ళు ఎక్కడున్నాయో శాస్త్రజ్ఞులకే ఆచూకీ లేని రోజుల్లో, 1946లో, పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామంలో వాటిని చూసి లోకానికి తెలియజేశారు. "ఆయనా మేష్టారేనా?" అని అమ్మాయి కొంచెం ఆశ్చర్యంగా నావైపు చూసింది.

ఆ తర్వాత తనే ఒక చెట్టు మొదట్లో ఏదో చూసి దుర్భిణి దించేసింది. గూటిలోంచి జారిపడిన పిల్ల ఒకటి చచ్చి నీటిలో తేలుతోంది. పైన తల్లి మిగిలిన పిల్లకు మేత పెడుతోంది. చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

కట్టమీద ఒక ముసలి రైతు చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు. అమ్మాయి వెళ్ళి ఆయన్నే అడిగింది: "పిల్లలు ఇట్లా పడి చచ్చిపోతుంటే, అయినా ఎందుకొస్తాయి తాతా?"

"పడేవి పడతాయి, పెరిగేవి పెరుగుతాయి బిడ్డా. చెరువు నిండితే వస్తాయి, లేకుంటే రావు. మనం పిలిస్తే వచ్చేవి కాదు. వాటి రెట్ట కలిసిన నీళ్ళు మా పైరుకు బలం. వచ్చేనాటికి చెట్టు నిలబెట్టి ఉంచాల, అంతే" అన్నాడాయన.

నేను చెప్పలేకపోయిన సమాధానం ఇదేనని అనను. అది ఆ పిల్ల ప్రశ్నకు సమాధానమూ కాదు. కాని తండ్రిగా నా పని ఎంతవరకో ఆయన మాటల్లో నాకు తెలిసింది. విశ్వాసం మనం పిలిస్తే పిల్లల్లోకి వచ్చేది కాదు. వచ్చేనాటికి ఇంట్లో నాలుగు పుస్తకాలు, ఆదివారం నడక, సాయంకాలం దీపం ఉండాలి. అడిగిన ప్రశ్నను కసిరికొట్టకుండా ఉండాలి.

మా అమ్మాయి ఇంకా దేవుడి గదిలోకి రావడం లేదు. దీపం మా ఆవిడ పెడుతోంది. మొన్న ఒక రాత్రి చూస్తే, అట్ట ఊడిపోయిన నాయనమ్మ భాగవతానికి బంక రాసి, ఆరేదాకా పైన బరువుగా సలీం ఆలీని పెట్టి, పక్కనే కూర్చుని పాఠాలు చదువుకుంటోంది. వచ్చే అక్టోబరులో వానలు బాగా పడితే మళ్ళీ నేలపట్టు వెళదామని తనే అంది.