గుజరాతీ గల్లీలో మాటుపని

హైదరాబాదు నగరంలో కోఠీ అనే పేట ఉన్నది. కోఠీ అంటే పెద్ద మేడ. పూర్వం బ్రిటిష్ రెసిడెంటు నివసించిన మేడ వల్లనే ఈ పేటకు ఆ పేరు వచ్చింది. ఎత్తయిన స్తంభాలతో ఆ మేడ ఇప్పటికీ నిలిచి ఉన్నది. కోఠీలోనే గుజరాతీ గల్లీ అనే వీధి ఒకటి ఉన్నది. పదండి, ఆ వీధిలోకి పోదాం.

వీధి ఇరుకు, సందడి ఎక్కువ. ఎటు చూసినా స్పీకర్లు, ఆంప్లిఫయర్లు, తీగచుట్టలు, డబ్బాలలో పోసిన చిన్న చిన్న విడిభాగాలు. మరమ్మతు బల్ల దగ్గర నిలబడి ఒక మెకానిక్ చేసే పని చూడండి. కాలిన సోల్డరింగ్ కడ్డీ మొనను తీగకు తాకించాడు. వెండిలా మెరిసే చుక్క ఒకటి కరిగి అతుక్కున్నది. సన్నని పొగ లేచి, దేవాలయంలో గుగ్గిలం వేసినట్టు వాసన వచ్చింది. అతుకు పడింది గదా, ఇక పని అయిపోయిందనుకుంటారు మీరు. కాని అతను ఒక చిన్న సీసా తీసి, బ్రష్షు ముంచి, అతుకు చుట్టూ తోమడం మొదలు పెట్టాడు. ఎందుకు?

ఇది తెలియాలంటే మాటు సంగతి తెలియాలి. చిల్లుపడిన బిందెకు మాటు వేయించడం మీ తాతగారు, అమ్మమ్మగారు ఎరుగుదురు. లోహం మీద చిలుము ఉంటే మాటు నిలవదు. వేడిచేస్తే చిలుము ఇంకా త్వరగా పడుతుంది. అందుకని కంసాలి నగ అతికేటప్పుడు వెలిగారం వాడతాడు. కళాయి వేసే అతను నవసారం చల్లుతాడు. రేడియో పనిలో ఆ ఉపకారం చేసే పదార్థానికే ఫ్లక్సు అని పేరు.

ఫ్లక్సులో ముఖ్యమైనది రోజిన్. హిమాలయాల దిగువ కొండలలో పెరిగే చీర్ పైన్ చెట్లకు గంటు పెడితే బంక కారుతుంది. దానిని బట్టీపడితే టర్పెంటైన్ నూనె ఆవిరై వేరుపడుతుంది, అడుగున రోజిన్ మిగులుతుంది. ఫిడేలు కమానుకు రాసే తేనెరంగు గడ్డ ఇదే. చల్లగా ఉన్నంతసేపు అది గాజులా గట్టిగా, ఏమీ ఎరగనట్టు ఉంటుంది. వేడి తగలగానే కరిగి, అందులోని ఆమ్లం రాగి మీది చిలుమును తినేస్తుంది.

ఉత్త రోజిన్ చల్లారి మిగిలితే పెద్ద చిక్కు లేదు. కాని పని చురుకుగా సాగాలని చాలా ఫ్లక్సులలో మరికొన్ని ఘాటైన పదార్థాలు కలుపుతారు. వాటి అవశేషం అతుకు పక్కనే ఉండిపోతుంది. వానకాలంలో గాలిలోని తేమను అది పీల్చుకుంటుంది. తేమ తగిలిన ఉప్పులో గుండా కొద్దిగా విద్యుత్తు పారుతుంది. విద్యుత్తుతోపాటు లోహపు అణువులు కూడా కదిలి, ఒక తీగనుంచి మరొక తీగకు ఫెర్న్ ఆకులాంటి సన్నని కొమ్మలు అల్లుతాయి. రెండు తీగలూ కలిశాయా, యంత్రం మొరాయించినట్టే! అది మీ తాతగారి చెవి మిషన్ అయితే, ఆయనకు మీ మాట వినపడదు.

ఆ సీసాలో ఉన్నది ఐసోప్రొపైల్ ఆల్కహాలు. రోజిన్ అందులో కరుగుతుంది. అయితే ఇక్కడే ఒక కిటుకు ఉన్నది. కరిగినంత మాత్రాన మురికి పోయినట్టు కాదు! ఆల్కహాలు ఆవిరైతే అందులో కరిగిన ఫ్లక్సు బోర్డంతటా పలుచని తెల్లపొరగా పరుచుకుంటుంది. మొదట ఒకచోట ఉన్న మురికి ఇప్పుడు అన్నిచోట్లా చేరింది! అందుకే తెలిసిన పనివాడు బోర్డును వంచి, పైనుంచి కొత్త ఆల్కహాలు పోసి, మురికినీటిని నూగులేని గుడ్డకు అద్ది తీసేస్తాడు. గుడ్డకు పసుపు అంటకుండా వచ్చేదాకా ఇలా చేస్తాడు.

ఒకప్పుడు పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు దీనికి సి.ఎఫ్.సి.-113 అనే ద్రవం వాడేవి. అది అంటుకోదు, విషం తక్కువ, ఇట్టే ఆరిపోతుంది. ఇంతకన్న మంచిది ఏముంటుంది అనుకున్నారు. కాని ఆరిపోయింది ఎక్కడికి పోయింది? ఆకాశానికి! అక్కడ దశాబ్దాలపాటు నిలిచి ఉండి, ఎండలోని హానికరమైన కిరణాలను అడ్డుకునే ఓజోను పొరను కొరికివేసింది. ఈ ముప్పును 1974లో మొలీనా, రోలాండ్ అనే శాస్త్రజ్ఞులు చెప్పారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోను బాగా పలుచబడిందని బయటపడింది. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ నగరంలో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. ధనిక దేశాలు 1996 నాటికి, మన దేశం 2010 నాటికి ఇలాంటి ద్రవాల వాడకం దాదాపు మానివేశాయి. ఫ్యాక్టరీలు నీటితో కడిగే ఫ్లక్సులూ, కడగనవసరం లేని ఫ్లక్సులూ వాడసాగాయి. నారింజ తొక్కలోని నూనెతో కడిగే పద్ధతి కూడా వచ్చింది. ఓజోను పొర ఇప్పుడు మెల్లగా కోలుకుంటున్నది.

ఆల్కహాలు ఆవిరి గాలిలో కొద్ది రోజులలోనే విరిగిపోతుంది. కాని దానికి నిప్పు సులువుగా అంటుకుంటుంది. కనుక కడ్డీ చల్లారాక, కరెంటు తీసేసి, కిటికీలు తెరిచి, పెద్దల ఎదుటనే ఈ పని చేయాలి. మాటులో సీసం ఉండవచ్చు, కాబట్టి తరవాత చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఈసారి మీ ఇంట్లో ఏదైనా మరమ్మతు చేయించి తెచ్చినప్పుడు, మూత పెట్టకముందే ఒకసారి బోర్డును చూపమని అడగండి. దీపం కిందికి వంచి చూడండి. అతుకు మెరవడం ఒక్కటే చాలదు, దాని చుట్టుపక్కల తెల్లపొర లేకుండా ఉన్నదో లేదో కూడా చూడండి.