గుడికి జాగా, ఒత్తుకు జాగా

చిరాగ్‌పల్లి. ఈ పేరును చదవడం కాసేపు ఆపి, బొమ్మగా చూడండి. చ మీద గుడి. గ మీద పొల్లు. చివరి ల మీద మళ్లీ గుడి, దాని కింద ఒత్తు. ఉన్నవి ఐదు అక్షరాలే గానీ వాటికి మూడు అంతస్తులు కావాలి. అదే పేరును ఇంగ్లీషులో పెద్ద ఏబీసీడీలతో రాస్తే పదకొండు అక్షరాలు ఒకే ఎత్తున బారులు తీరతాయి. పైకి పోయేది లేదు, కిందికి దిగేది లేదు. బోర్డుల మీద తెలుగు ఎందుకు చిన్నబోతోందో తెలుసుకోవడానికి ఈ ఒక్క పేరు చాలు.

బోర్డు మీద రెండు భాషలకూ చెరో అడుగు ఎత్తు ఇచ్చి సమానంగా పంచామనుకుంటారు. ఇంగ్లీషు ఆ అడుగునంతా నిండుగా వాడుకుంటుంది. తెలుగులో పైభాగం గుడికి, కిందిభాగం ఒత్తుకు పోగా అక్షరం ఒంటికి మిగిలేది అరడుగు. పైనా కిందా ఊపిరాడదు, పక్కల మాత్రం బోలెడు ఖాళీ. ఆ ఖాళీని చూడలేక కంప్యూటర్ ముందు కూర్చున్న వ్యక్తి అక్షరాలను పక్కలకు సాగదీస్తాడు. గుండ్రంగా ఉండాల్సిన ర, ల నలిగిపోతాయి. తెలుగు అక్షరానికి ఇంతకన్నా పెద్ద అన్యాయం నాకు తెలియదు.

చిరాగ్‌పల్లి హైదరాబాదు నుంచి జహీరాబాద్ మీదుగా కర్ణాటకలోకి పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీది సరిహద్దు ఊరు. ఇలాంటి చోట దాబా పేరైనా, పంక్చరు షాపు పేరైనా నిలబడి చదివేవాళ్లు తక్కువ. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 22 మీటర్లు దాటుతుంది. బోర్డు చదివి, ఆగాలా వద్దా అని తేల్చుకోవడానికి మూడు సెకన్లు పట్టినా 66 మీటర్లు, అంటే 216 అడుగుల దూరం నుంచే ఆ అక్షరం అందాలి. అమెరికాలో రోడ్డు బోర్డులకు పాటించే లెక్క ప్రకారం 30 అడుగుల దూరానికి అంగుళం ఎత్తు. ఆ లెక్కన ఇంగ్లీషు అక్షరానికి ఏడు అంగుళాల పైచిలుకు చాలు. తెలుగు అక్షరం ఒళ్లే ఏడు అంగుళాలు ఉండాలంటే గుడి, ఒత్తు కలుపుకొని పట్టీ పద్నాలుగు అంగుళాలైనా ఉండాలి. వాహనం మీద పోయేవాళ్లకు ఉద్దేశించిన బోర్డుకు ఈ కూడిక తప్పదు.

ఇదంతా తెలుగుకు భారమని మాత్రం అనుకోను. 1950ల చివర బ్రిటన్ మోటార్‌వేలకు జాక్ కిన్నీర్, మార్గరెట్ కాల్వర్ట్ బోర్డులు రూపొందించినప్పుడు ఊళ్ల పేర్లన్నీ పెద్ద ఏబీసీడీల్లో రాయడం మానేశారు. చిన్న ఏబీసీడీల్లో కొన్ని గీతలు పైకి లేస్తాయి, కొన్ని కిందికి దిగుతాయి. అందువల్ల మాటకు ఓ ఆకారం వస్తుంది, దూరం నుంచి ఆ ఆకారం కంటికి సాయపడుతుంది. వాళ్లు కోరి తెచ్చుకున్న ఆ ఎగుడుదిగుడు మన అక్షరాలకు పుట్టుకతోనే ఉంది. దాన్ని నిలబెట్టుకునేంత ఎత్తు ఇస్తే చాలు.

ఇక ఏ ఫాంటు వాడాలి? బాపు చేతిరాతలో వచ్చిన అక్షరాలంటే ప్రాణం పెట్టేవాళ్లలో నేనూ ఒకణ్ణి. పెళ్లి శుభలేఖకు, పుస్తకం అట్టకు వాటికి సాటి లేదు. రహదారి పక్కన మందుల షాపుకు మాత్రం వద్దంటాను. ఆ గీతలోని ఒయ్యారం చూడ్డానికి ఆగాలి, ఇక్కడ ఎవరూ ఆగరు. రామభద్ర లాంటి బాగా లావు ఫాంటు పత్రిక శీర్షికకు నప్పుతుంది. దూరం నుంచి చూస్తే అక్షరం లోపలి ఖాళీ మూసుకుపోయి ప, వ కలిసిపోతాయి. ధ కిందున్న గీత కనబడక ద అవుతుంది. మండలి, హింద్ గుంటూరు లాంటి, మరీ లావు కాని, లోపల ఖాళీ ఉన్న ఫాంట్లే బోర్డుకు మేలని నా అభిప్రాయం.

ఫాంటు మంచిదైనా టైపు చేయడంలోనే పేరు చెడే చోటు ఒకటుంది. గ్ తర్వాత అక్షరాలను విడదీసే మీట నొక్కకపోతే ప కాస్తా గ కింద ఒత్తుగా చేరి ‘చిరాగ్పల్లి’ అవుతుంది. చదివేవాడు అక్కడ తడబడతాడు. పాత డిజైన్ సాఫ్ట్‌వేర్లలోనైతే ఒత్తులే విడిపోయి, పొల్లులతో వరసగా పడతాయి. ఫ్లెక్సీ అచ్చయ్యాక గానీ ఎవరూ చూడరు.

సరిహద్దు కాబట్టి పక్క లిపులనూ గుర్తుంచుకోవాలి. తెలుగు, కన్నడ ఒకే లిపి నుంచి విడిపోయినవి. తలకట్టు తెలుగులో కుడివైపుకు పైకి లేస్తుంది, కన్నడలో అడ్డంగా సాగుతుంది. కొత్తదనం కోసం తలకట్టు కత్తిరించిన ఫాంటుతో ఇక్కడ బోర్డు వేస్తే అది ఏ భాషో పోల్చుకోవడానికే ఓ క్షణం పోతుంది. ఉర్దూకూ ఇలాంటి కష్టమే ఉంది. చిరాగ్ అన్న మాటలో మొదటి అక్షరం కింద మూడు చుక్కలు, చివరి అక్షరం మీద ఒక చుక్క ఉంటాయి. బోర్డు అడుగున మిగిలిన సన్నటి పట్టీలో ఇరికిస్తే ముందు పోయేది ఆ చుక్కలే. తెలంగాణలో 2017 నుంచి ఉర్దూ రెండో అధికార భాష. జహీరాబాద్ బజారులో ఉర్దూ చదివేవాళ్లు కొనుగోలుదారులు కూడా. కర్ణాటక 2024లో చట్టం సవరించి బోర్డులో అరవై శాతం కన్నడకు కేటాయించింది. విస్తీర్ణం లెక్క మంచిదే. దానికి అక్షరం ఒంటి కొలత కూడా జతచేస్తే ఇంకా మేలు.

బ్రష్షుతో బోర్డులు రాసే ఆర్టిస్టులకు ఈ సంగతులు చేతివేళ్లకే తెలుసు. సుద్దముక్కతో గీతలు కొట్టుకునేటప్పుడే ఒత్తుకు చోటు వదులుతారు, ఒత్తు లేని చోట పక్క అక్షరాన్ని కాస్త కిందికి జరుపుతారు. వాళ్లను ఫ్లెక్సీ మిషన్ల దగ్గర డిజైనర్లుగా కూర్చోబెట్టినవాళ్లు తెలివైనవాళ్లు.

అదీ కుదరకపోతే దుకాణదారు సొంతంగా చేయగలిగేది ఒకటుంది. అసలు సైజులో పేరును కాగితం మీద తీయించి, బోర్డు పెట్టబోయే చోట అంటించి, బండి మీద అటుగా ఒకసారి పగలు, ఒకసారి రాత్రి ఎదురు లైట్లలో పోయి రావాలి. ఒత్తు అందకపోతే పేరును కుదించడం కాదు, బోర్డు ఎత్తును మరో జానెడు పెంచమని చెప్పాలి. ఆ జానెడు రేకు ఖర్చు బోర్డు మొత్తం ఖర్చులో చాలా తక్కువ.