దాచిన నొప్పి

“మా ఇంటి ఆడవాళ్ళ నోట నొప్పి అన్న మాట రాదు” అని మా అత్తగారు పదిమందిలో గొప్పగా చెప్పేవారు. ఆ మాట నిలబెట్టడానికి నేను నలభై నాలుగేళ్ళు పాటుపడ్డాను. దానివల్ల నా తుంటి కీలు ఎట్లా పోయినదీ, ఇప్పుడు క్రొత్త కీలు వేయించుకోవడానికి నేనూ మా యిల్లూ ఎట్లా సిద్ధపడుతున్నదీ చెబితే, సోదరీమణులలో ఒక్కరికైనా పనికి వస్తుందని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మాది కరీంనగరం వైపు పల్లె. చంద్రపూరును ఇంకా చాందా అంటున్న రోజులలో మా మామగారు బొగ్గు బావిలో పనికోసం ఇక్కడికి వచ్చి లాల్‌పేట్‌లో స్థిరపడ్డారు. 1973లో బొగ్గు గనులు జాతీయమైనాయి. 1975లో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ఏర్పడింది. మా వారు ఆ కంపెనీలోనే, భూగర్భ గనిలో టింబరుమన్‌గా పనిచేసి రిటైరయినారు. ఇంట్లో తెలుగు, వీథిలో మరాఠీ. చైత్రమాసంలో మహాకాళి జాతరకు వచ్చే చుట్టాలతో మా యిల్లు సత్రమైపోతుంది. అంతమందికీ నేల మీద పీట వేసుకొని కూర్చుని కూరలు తరిగి వండి పెట్టినదాన్ని నేను.

2024 కార్తికమాసంలో ఒకనాడు తెల్లవారుజామున వాకిట కళ్ళాపి చల్లి, ముగ్గు వేయబోయి జారి కుడి తుంటి మీద పడ్డాను. గోడ పట్టుకొని లేచాను. నడవగలిగాను. నడవగలిగితే ఎముక విరగలేదని గదా మన లెక్క! ఎవరికీ చెప్పలేదు. మూడు రోజులు అట్లాగే వంట చేశాను. నాలుగవనాడు కాలు మోపలేక పొయ్యి దగ్గరే కూలబడ్డాను.

తొడ ఎముక మెడ విరిగిందన్నారు. విరిగిన ముక్కలు ఒకదానిలో ఒకటి దిగబడి ఉంటే మనిషి కొన్నాళ్ళు నడవగలదట. అట్లా నడుస్తున్న కొద్దీ ముక్కలు తొలగిపోవచ్చునట. ఆ ఎముక చివరన బంతివంటి తల ఉంటుంది. దానికి నెత్తురు తీసుకుపోయే సన్నని నాళాలు ఆ మెడను ఆనుకొనే పోతాయి. మెడ తొలగితే అవి తెగుతాయి. నాగపూరులో స్క్రూలు బిగించారు గాని ఎనిమిది నెలలు తిరిగేసరికి నెత్తురు అందక ఆ బంతి క్రుంగిపోయింది. “మొదటి రోజే వచ్చి ఉంటే?” అని అడిగాను. “అప్పుడైనా తప్పకుండా నిలిచేదని చెప్పలేనమ్మా, కాని అవకాశం ఎక్కువ ఉండేది” అన్నారు డాక్టరుగారు. ఆ మాట నాకు విరిగిన ఎముక కన్న ఎక్కువ బాధపెట్టింది.

ఇక కీలు మార్చడమే మార్గం. ఈ ఆపరేషను కథ మా మనుమడు చదివి చెప్పాడు. ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే వైద్యుడు మొదట టెఫ్లాన్ గిన్నెలు వేసి చూశాడట. కొద్ది సంవత్సరాలకే అవి అరిగిపోయినవి. తన తప్పు తానే ఒప్పుకొని, 1962లో గట్టి పాలిథిన్ గిన్నె, అందులో తిరిగే చిన్న లోహపు బంతి పెట్టి మళ్ళీ మొదలుపెట్టాడు. వాటిని ఎముకలో నిలబెట్టడానికి పళ్ళ డాక్టర్లు వాడే జాతి అక్రిలిక్ సిమెంటు వాడాడు. నేటి కీళ్ళకు ఆ పద్ధతే మూలమట.

ఆపరేషను ఒక పూట పని, సిద్ధపడటమే నెలల పని. మన బ్రతుకంతా నేలమీద గదా! క్రొత్త కీలు కుదురుకొనేదాకా తుంటిని మరీ వంచరాదు, కాలు మీద కాలు వేయరాదు, గొంతుకు కూర్చోరాదు అన్నారు. అందుకని మా అబ్బాయి పుణే నుంచి వచ్చి దొడ్డిలో ఎత్తయిన కమోడు పెట్టించి, గోడకు ఇనుప కడ్డీలు వేయించాడు. మంచం కోళ్ళ క్రింద ఇటుకలు పెట్టారు. కాలికి తగిలే పట్టాలు, చాపలు తీసివేశారు. నీళ్ళ బిందె ఎత్తు బల్ల మీదికి ఎక్కింది. పీట వేసుకొని పూజ చేసే దేవుని గూటిని కూడ నిలువెత్తుకు మార్చారు. కత్తిపీట, మా అత్తగారి పీట అటక మీదికి పోయినవి. ఆ పీట పైకి పోతుంటే నా కళ్ళు చెమర్చాయి.

ఒంటికి కూడ పని పెట్టారు. నెత్తురు తక్కువగా ఉందని మూడు నెలలు ఐరన్ మాత్రలు ఇచ్చారు. వ్యాయామం నేర్పే మరాఠీ అమ్మాయి వారానికి రెండుసార్లు వచ్చి, “ఆజీ, ఇంకొక్కసారి” అంటూ తొడ కండరాలు బిగించి వదలడం, పాదాలు పైకీ క్రిందికీ ఆడించడం, వాకరుతో నడవడం చేయిస్తున్నది. ముందు నుంచి అలవాటైతే ఆపరేషను తరువాత ఒళ్ళు మాట వింటుందట.

అంతా అయి తేదీ ఖాయమైంది. సరిగ్గా పది రోజుల ముందు నా క్రింది దవుడ పన్ను సలపడం మొదలుపెట్టింది. ఆసుపత్రివారు కాగితం ముందు పెట్టుకొని, “పళ్ళ నొప్పి ఉన్నదా? మూత్రంలో మంట? ఒంటిమీద పుండ్లు?” అని అడిగారు. అబ్బాయికి సెలవు దొరకడమే కష్టమైంది, కోడలు తన పనులన్నీ మార్చుకొన్నది. ఒక పన్ను కోసం ఇంత ఏర్పాటూ చెడగొట్టడమా అని, “ఏమీ లేవు” అన్నాను. ఇంటికి వచ్చి పంటి క్రింద లవంగం పెట్టుకొన్నాను.

ఆ రాత్రి మా వారు లవంగం వాసన పట్టారు. “ఎన్నాళ్ళ నుంచి?” అన్నారు. జవాబు చెప్పలేదు. ఆయన కోప్పడలేదు. మంచం ప్రక్కన కూర్చుని చెప్పారు: “గనిలోకి దిగితే ముందు కప్పును కడ్డీతో తట్టి చూస్తాము. గట్టిగా మ్రోగితే పని మొదలు. డొల్లగా మ్రోగితే వెంటనే చెప్పాలి, క్రింద దిమ్మె పెట్టాలి. ఆ రోజు బొగ్గు తగ్గుతుంది, సర్దారు విసుక్కొంటాడు. అయినా చెప్పాలి. విని ఊరుకొన్నవాడు ఒక్కడే పోడు, ప్రక్కవాళ్ళను కూడ తీసుకొని పోతాడు. నీ కప్పు డొల్లగా మ్రోగుతున్నదే. ఎవరి కోసం ఊరుకొన్నావు?”

మరునాడు డాక్టరుగారికి నేనే ఫోనులో చెప్పాను. పంటిలోని చీము క్రిములు నెత్తురులో కలిసి క్రొత్త కీలు మీద చేరితే, దాన్ని తీసి మళ్ళీ వేయవలసి రావచ్చునట. పన్ను పీకించుకొన్నాను. ఆపరేషను మూడు వారాలు వెనక్కి పోయింది. అబ్బాయి సెలవు మార్చుకొన్నాడు. నేను భయపడినట్లు ఎవరూ విసుక్కోలేదు.

సోదరీమణులారా, పడ్డప్పుడు నడవగలిగినా ఎక్స్‌రే తీయించుకోండి. డాక్టరు అడిగినదానికి ఉన్నది ఉన్నట్లు చెప్పండి. మన ఓర్పును గురించి మనవాళ్ళు ఎంతైనా పొగుడుతారు, కాని ఆ ఓర్పు విరిగిన ఎముకను అతకదు.

వచ్చే సోమవారం నాగపూరు ప్రయాణం. భయం లేదని చెప్పను. నిన్న రాత్రి కాలికి దిండు సర్దుతూ మా కోడలు, “నొప్పిగా ఉందా అత్తమ్మా?” అని అడిగింది. “ఉందమ్మా, చాలా ఉంది” అన్నాను. ఆ పిల్ల నా ప్రక్కనే కూర్చుని, నిద్రపట్టేదాకా కాలు నిమురుతూ ఉండిపోయింది.