నీలిమంట

మొన్న జనవరిలో అమెరికా నుండి వచ్చిన మా మేనల్లుడు చొక్కాల మడతల మధ్య ఒక సీసాను భద్రంగా కలకత్తా తెచ్చాడు. "మామయ్యా, ఇది అక్కడ కూడ సులభంగా దొరకదు" అన్నాడు. జార్జ్ టి. స్టాగ్ అనే ఆ కెంటకీ విస్కీని ఏడాదికొక పర్యాయం, కొద్ది సీసాలు మాత్రమే విడుదల చేస్తారు. ఇది 2022 నాటిది. అంతకు ముందరి ఏడు సరుకు తమ ప్రమాణానికి తూగలేదని తయారీదారులు అసలు విడుదలే చేయలేదు.

సీసాపై 138.7 ప్రూఫ్ అని ఉంది. అమెరికా లెక్కలో అందులో సగం, అనగా నూటికి 69.35 పాళ్ళు ఆల్కహాలు. 70 దాటితే విమానంలో ప్రయాణికుల సామానుతో రానివ్వరు. వెంట్రుకవాసిలో తప్పించుకొని వచ్చిన అతిథి అన్నమాట! మన దుకాణాలలోని సీసాలపై కనిపించే 42.8 అనే వింత అంకె ఆంగ్లేయుల కొలత వదలిపోయిన గుర్తు. వారి లెక్కలో 57.1 పాళ్ళుంటే నూరు డిగ్రీలు. మనది అందులో ముప్పాతిక. పూర్వం మద్యంలో తడిపిన తుపాకిమందు అంటుకుంటే సరుకు నిఖార్సయినదని నమ్మేవారట.

ఆ పరీక్ష నాకు కొత్త కాదు. నెల్లూరు జిల్లాలోని మా ఊళ్ళో నాన్న సారాను అరుగుమీద కాస్త ఒలికించి అగ్గిపుల్ల గీసేవాడు. నీలిమంట లేస్తే తృప్తిగా నవ్వేవాడు. ఆ మంటలోనే మా రెండెకరాలూ, అమ్మ మెడలోని గొలుసూ కరిగిపోయాయి. 1992లో దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించారన్న వార్త వ్యాపించినప్పుడు, మా ఊరి దుకాణం ముందు చీపురు పట్టి నిలిచినవారిలో అమ్మ ఒకతె. మరుసటి ఏడు ప్రభుత్వం సారాను నిషేధించింది. నాన్న ఆ రోజు చూడలేదు.

అమ్మ ఇప్పుడు లేక్ మార్కెట్ దగ్గర మా ఇంట్లోనే ఉంటున్నది. అందుచేత ఆమె నిద్రించిన పిమ్మట సీసా మూత తీశాము. నాలుగు చుక్కలు నాలుకపై వేసుకున్నాను. పచ్చిమిరపకాయ కొరికినట్లయి కంట నీరు తిరిగింది. రుచి మాట అటుంచి, ఊపిరే ఆడలేదు. మేనల్లుడు చెంచాతో కొంచెం కొంచెంగా నీళ్ళు కలిపాడు. ఆశ్చర్యం! మంట వెనుక దాగినదంతా బయటపడింది: మాడీమాడని పాకం, ఎండు ఖర్జూరం, పాతచెక్క. లోపల కాల్చిన కొత్త ఓకు పీపాలో పదిహేనేళ్ళు మాగిన ఫలితమది. వేడి గోదాములలో చెక్కగుండా ఆల్కహాలుకంటె నీరే ఎక్కువగా ఆవిరైపోతుందనీ, అందుకే ఏళ్ళు గడిచినకొద్దీ మిగిలినది ఘాటెక్కుతుందనీ అతడు వివరించాడు. పోయిన నీటినే మేము తిరిగి పోస్తున్నాము. నాన్న ఒక్కనాడూ నీళ్ళు కలుపుకొని ఎరుగడు. ఆయనకు కావలసినది రుచి కాదు.

తల ఎత్తేసరికి అమ్మ గుమ్మంలో ఉంది. "నొలెన్ గుడ్ తెచ్చారురా?" అన్నది. ఇక్కడివారు చలికాలంలో ఈతచెట్టు నీటిని కాచి చేసే బెల్లమది, ఆమెకు ప్రీతి. (మన వైపు ఆ నీరే పులిసి కల్లవుతుంది.) నేను గ్లాసు దాచలేదు. ఆమె దగ్గరకు వచ్చి వాసన చూసింది. చాలాసేపు మాట్లాడలేదు.

"మీ నాన్న నోట ఇటువంటి వాసన ఎన్నడూ రాలేదురా" అన్నది చివరకు.

ఆ పిమ్మట గ్లాసు తీసుకొని వంటింట్లోకి వెళ్ళి, తూములో ఒంపి, రెండుసార్లు కడిగి బోర్లించింది. మేనల్లుడు ఏదో అనబోయి ఊరుకున్నాడు.