గీతకి అటూ.. ఇటూ..

2024 ఫిబ్రవరిలో ఓ రాత్రి అమెరికా నుంచి తమ్ముడి ఫోను. 'అక్కా, రెండిళ్లు నచ్చాయి. ఏది కొనాలో నాన్ననే చెప్పమను' అన్నాడు.

టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కో అనే ఊరు వాడిది. మన తెలుగువాళ్లు బాగానే ఉంటారక్కడ. ఊరొకటే అయినా కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. కౌంటీ అంటే మన జిల్లాలాంటిదనుకోండి. రెండిళ్లూ అయిదు లక్షల డాలర్లే. ఒకటి గీతకి ఇటు, ఇంకోటి అటు.

'ఇంటిపన్నెంతరా?' నాన్న మొదటి ప్రశ్న. ఏటా ఏప్రిల్‌లోనే పన్ను కట్టేసి అయిదు శాతం రాయితీ పొందే మనిషి మరి!

'ఏడు వేల డాలర్ల దాకా ఉంటుంది నాన్నా..'

అంటే దాదాపు ఆరు లక్షల రూపాయలు. నాన్న కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు. 'సొంతింటికి అద్దె కట్టడమేగా ఇది!'

టెక్సస్‌లో రాష్ట్రం ఆదాయపు పన్ను వేయదు. బడులకీ, ఊరికీ, కౌంటీకీ డబ్బు ఎక్కువగా ఇళ్ల మీదే రావాలి. 2023 రేట్ల ప్రకారం, ఇంటి విలువలో ప్రతి 100 డాలర్లకీ కాలిన్ కౌంటీ పన్ను 15 సెంట్లు, డెంటన్‌లో 19. 'అయితే కాలిన్‌లోదే కొను. ఏడాదికి 200 డాలర్లు మిగులుతాయి' అన్నాన్నేను, పెద్ద లెక్కలు తెలిసినదానిలా.

నాన్న బిల్లులు రెండూ వరస వరసగా చదివించారు. కాలిన్‌ వైపు కాలేజీ పన్ను ఇంకో 8 సెంట్లుంది. డెంటన్‌ వైపు అది లేదు. మినహాయింపులు పక్కన పెడితే లెక్క తిరగబడింది! ఆ 200 డాలర్లు అటువైపు మిగులుతాయి. ఇక బడి పన్ను డాలర్ పైమాటే. అదే అన్నిటికన్నా పెద్దది. రెండిళ్లకీ స్కూల్ డిస్ట్రిక్టు ఒకటే కాబట్టి అందులో తేడాయే లేదు.

నాన్న కాసేపు మాట్లాడలేదు. తమ్ముడికి పంపడానికి మా ఇంటి పక్క స్థలం బేరం పెట్టారని అప్పటికి నాకొక్కదానికే తెలుసు.

'రెండొందల కోసం గీత చూడకు. ఉద్యోగం లేని ఏడాది కూడా ఆ ఏడు వేలు కట్టగలవా.. అది చూసుకో' అన్నారు.

ఫోన్లో నిశ్శబ్దం. ఆ నెల్లోనే వాడి ఆఫీసులో ఇద్దర్ని తీసేశారట. మాకు అప్పుడే చెప్పాడు.

ఆర్నెల్లాగి, ఓ గది తక్కువున్న ఇల్లు కొన్నాడు. స్థలం అమ్మే అవసరమే రాలేదు. ఇంతకీ ఆ ఇల్లు ఏ కౌంటీలో ఉందో అడగడమే మర్చిపోయాం!