మా వాడ ముచ్చట్లు – 17: తాత పేనిన మోకు

పోయిన వారం పోస్టు కింద చాలామంది అడిగారు, మీ తమ్ముడు ఎట్లున్నాడని. బాగానే ఉన్నాడు. విరిగిన రెండు పక్కటెముకలూ అతుక్కున్నాయి. దగ్గితే మాత్రం చెయ్యి ఇంకా అక్కడికే పోతుంది.

కొత్తగా చదువుతున్న వాళ్ల కోసం మళ్లీ చెప్తాను. మా తమ్ముడు కరెంటు తీగల కింద చెట్ల కొమ్మలు కొట్టే కాంట్రాక్టు పనికి పోతాడు. వానాకాలం ముందు ఆ పని ఎక్కువ. ఒకరోజు వేపచెట్టు మీద కాలు జారింది. నడుముకు కట్టుకున్న నైలాన్ తాడు ఆపింది. ఆపింది అంటే, ఆరడుగులు పడ్డాక ఒక్క గుంజు గుంజి ఆపింది. ప్రాణం నిలిపిందీ ఆ తాడే, ఎముకలు విరిచిందీ ఆ తాడే.

ఈ వారం ముచ్చట ఆ తాడు గురించే.

మా తాత తోలు పని చేసేవాడు. ఆయన పేనిన మోకంటే చుట్టుపక్కల ఊళ్ల గౌడన్నలకు గురి. తాటిచెట్టునూ మనిషినీ కలిపి చుట్టే ఆ మోకును నమ్మే గీత గీసే మనిషి వెనక్కి వాలి, రెండు చేతులూ వదిలి పని చేస్తాడు. లందలో నానిన బర్రె తోలును వారలుగా కోసి తాత మోకు పేనేవాడు. పేనగానే ఇచ్చేవాడు కాదు. జానెడుకు ఒకసారి వంచి, గోటితో గీకి, ఎక్కడైనా పగులు ఉందేమో చూసేవాడు. తర్వాత చింతకొమ్మకు కట్టి తానే వేలాడేవాడు. "ముందుగాల నన్ను మొయ్యాలె, తర్వాత ఇంకొకన్ని" అనేవాడు.

పగులు కనబడితే ఆ మోకును ముక్కలు ముక్కలు కోసేవాడు. "బర్రెను కట్టెయ్యనీకన్న పనికొస్తది గదా" అని నాయనమ్మ గునిగేది. "వద్దు. ఎవడో ఒకడు మల్ల నడుముకు కట్టుకుంటడు" అనేవాడు తాత.

అదే మోకుతో ఎక్కి దించిన కల్లును మా తాతకు మాత్రం ఎడంగా నిలబడి, ఎత్తి పట్టి రేకలో పోసేవాళ్లు. ప్రాణం అప్పజెప్పడానికి నమ్మిన చేతులవి. ముంత ముట్టడానికి పనికిరాని చేతులూ అవే.

ఆస్పత్రి మంచం మీద తమ్ముడు అన్నాడు: "అక్కా, గంత చదువు చదివినవ్ గదా. మంచి తాడేదో చూసి కొనియ్యి."

నేను చదివింది తెలుగు సాహిత్యం. పీహెచ్‌డీ కోసం పదాల పుట్టుక తవ్వాను గానీ, లాన్యార్డు అంటే ఏమిటో నాకు తెలియదు. నెల రోజులు కూర్చొని నేర్చుకున్నాను. మీ ఇంట్లో చెట్లెక్కే వాళ్లుంటే ఈ భాగం వాళ్లకు చదివి వినిపించండి.

లాన్యార్డులు రెండు రకాలు. ఒకటి పని చేసేటప్పుడు మనిషిని చెట్టుకు ఆనించి నిలబెట్టేది. దాన్ని బిగువుగా ఉంచాలి, రెండడుగులకు మించి వదులు ఇవ్వొద్దు. మోకు ఈ రకమే. రెండోది పడితే ఆపేది. దానికి షాక్ అబ్జార్బర్ ఉంటుంది. పడ్డప్పుడు దాని కుట్లు తెగి, మడతలు విప్పుకొని, ఆ గుంజును తను తీసుకుంటుంది. అది సాగుతుంది కాబట్టి కింద ఖాళీ ఉండాలి, లేకపోతే అది ఆపేలోపే మనిషి నేలకు తగులుతాడు. మా తమ్ముడి తాడు ఈ రెండింటిలో ఏదీ కాదు.

నడుము బెల్టు ఒక్కటే ఉంటే పడే మనిషికి అదే గాయం చేస్తుంది. భుజాలను, ఛాతీని, తొడలను పట్టుకునే ఫుల్ బాడీ హార్నెస్ కావాలి. లేబుల్ మీద ఐఎస్ 3521 అనే భారతీయ ప్రమాణం, తయారైన తేదీ చూడండి. లేబుల్ లేనిది ఎంత చవకైనా వద్దు. కొక్కెం తనంతట తాను మూసుకొని తాళం పడేది కావాలి.

కత్తి, రంపం పట్టేవాళ్లకు లోపల ఉక్కు తీగ ఉన్న లాన్యార్డు మేలు, తొందరగా తెగదు. మా తమ్ముడికి మాత్రం అది కొనలేదు. ఉక్కులో కరెంటు పారుతుంది. తడిసిన మామూలు తాడునూ నమ్మొద్దు. ముందు లైను ఆపించాలి, తర్వాతే చెట్టెక్కాలి.

లాన్యార్డులు రెండుండాలి. కొమ్మ దాటేటప్పుడు రెండోది తగిలించాకే మొదటిది తీయాలి. రంపం పెట్టేటప్పుడు రెండూ తగిలించి ఉండాలి. కోసే కొమ్మకు కట్టుకోవద్దు. కొమ్మల్లేని మొద్దుకు ఊరికే చుట్టిన తాడు, కాలు జారితే మనిషితోపాటే కిందికి జారుతుంది. అక్కడ ఉచ్చులా బిగుసుకునేటట్టు కట్టాలి.

కింద ఇంకొక మనిషి తప్పనిసరి. పట్టీలకు కదలకుండా వేలాడితే కాళ్ల నుంచి రక్తం పైకి రాక ప్రాణం మీదికి వస్తుంది. నిమిషాల్లో దించాలి.

చివరిది. ఒకసారి పడే మనిషిని ఆపిన లాన్యార్డును మళ్లీ వాడొద్దు. పైకి బాగానే కనిపిస్తుంది, లోపల పోగులు తెగి ఉంటాయి.

ఇది చదివినప్పుడు తాత గుర్తొచ్చాడు. వెంటనే తమ్ముణ్ని అడిగాను, ఆ నైలాన్ తాడు ఎక్కడుందిరా అని.

"నా జాగల వచ్చిన పిల్లగానికి ఇచ్చిన్రక్కా."

తెల్లారి ఇద్దరం పనికాడికి పోయాం. పంతొమ్మిదేళ్ల పిల్లగాడు ఆ తాడే కట్టుకొని కానుగచెట్టు మీద ఉన్నాడు. కిందికి దిగమన్నాం. కాంట్రాక్టరు వచ్చి నవ్వుతూ అన్నాడు: "వాళ్లకు అలవాటే మేడమ్. చెట్లెక్కుడు వాళ్ల రక్తంలనే ఉంటది. బెల్టులిస్తే పని సాగది."

అలవాటు! మాన్‌హోల్‌లో దిగేవాళ్ల గురించీ ఇదే మాట అంటారు. మన ఒళ్లు ఏ ప్రమాదానికి అలవాటు పడాలో కులం ముందే రాసిపెడుతుంది, తర్వాత దాన్నే నైపుణ్యం అని మెచ్చుకుంటుంది. తోలు పేనడం తాత రక్తంలో లేదు. నేర్చుకున్నాడు, పరీక్షించాడు, పనికిరాని దాన్ని కోసి పారేశాడు. దాన్ని విద్య అంటారు.

ఏళ్ల తరబడి పోరాడితే 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు 'కాటమయ్య రక్షణ కవచం' కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. సంతోషం. తాటిచెట్టు మీది ప్రాణానికి ఉన్న విలువే వేపచెట్టు మీది ప్రాణానికీ ఉంది. గౌడన్నల బాధ మాకు పరాయిది కాదు, వాళ్ల మోకులో మా తాత చేతులున్నాయి. ఇప్పుడు మా పిల్లల కోసం వాళ్లూ మాట్లాడాలని అడుగుతున్నాను.

పదకొండు మంది సంతకాలు, వేలిముద్రలతో ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి వచ్చాం. మనిషికొక హార్నెస్, రెండు లాన్యార్డులు, లైను ఆపినట్టు కాగితం చూపించాకే పని. ఇంకా జవాబు రాలేదు. వచ్చేదాకా తిరుగుతాం.

ఆ నైలాన్ తాడును మాత్రం ఇంటికి తెచ్చాం. తమ్ముడు గడప మీద కూర్చొని కత్తితో జానెడు జానెడు ముక్కలు చేశాడు. అమ్మ చూస్తూ, "బట్టలారేసుకోనీకన్న ఉంచకపోతివి" అంది.

"వద్దమ్మా" అన్నాడు వాడు. "ఎవడో ఒకడు మల్ల నడుముకు కట్టుకుంటడు."

తాత పోయేనాటికి వాడు ఉయ్యాలలో ఉన్నాడు. ఆ మాట వాడికి నేనైతే చెప్పలేదు.

జై భీమ్.