ఆడపిల్లకి పాత లాప్‌టాప్ పెట్టొచ్చా?

మా ఆడపడుచు కూతురికి కాకినాడ జేఎన్‌టీయూలో కంప్యూటర్ సైన్స్ సీటొచ్చింది. మేనమామ తరఫున లాప్‌టాప్ మేమే కొనిపెడదామని కొబ్బరికాయల డబ్బుల్లో 35 వేలు పక్కన పెట్టాం.

అమలాపురంలో అడిగితే ఆ డబ్బుకి కొత్తదైతే 8 జీబీ ర్యామ్‌ది వస్తుందన్నారు. కంపెనీల్లో వాడి, బాగుచేసి అమ్మే రిఫర్బిష్డ్‌ది అయితే 29 వేలకే 16 జీబీ, ఏడాది వారంటీ.

"ఆడపిల్లకి ఒకళ్ళు వాడేసింది పెడతామా అమ్మాయ్?" అన్నారు అత్తయ్యగారు. ఆ మాటా తీసిపారేసేది కాదు. పుట్టింటి నుంచి చీరైనా గిన్నైనా కొత్తదే వెళ్ళాలి కదండీ!

దాచి ఇవ్వడం నాకిష్టం లేదు. పిల్లకే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. "నాలుగేళ్ళు ఆగకుండా పనిచేస్తే చాలత్తా" అంది.

మీరూ కొంటుంటే ఇవి చూసుకోండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 నడవాలంటే, ఇంటెల్ ప్రాసెసరైతే 8వ తరం గానీ ఆ తర్వాతది గానీ తీసుకోండి. అంతకంటే పాతది ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. బ్యాటరీ రిపోర్ట్ తీయించండి. కొత్తలో ఎంత ఛార్జింగ్ పట్టేదో, ఇప్పుడెంత పడుతోందో అందులో తెలుస్తుంది. మన కరెంటు సంగతి తెలిసిందేగా! సీరియల్ నంబరు వేసిన బిల్లు, వారంటీ కాగితం లేకుండా డబ్బు కట్టకండి.

చివరికి రిఫర్బిష్డ్‌దే తీసుకున్నాం. మిగిలిన 6 వేలతో అత్తయ్యగారే బజారుకొచ్చి, మనవరాలికి కొత్త లంగా ఓణీ, లాప్‌టాప్‌కి కొత్త బ్యాగు కొన్నారు.